ఎండాకాలం చేపకి రంగు కాదు, లోతు ముఖ్యం

ముందే చెప్పేస్తున్నా, ఇది చేపలు పట్టడం గురించి. చేప వాసన పడనివాళ్ళు ఇక్కడితో ఆగిపోయినా నేనేమీ అనుకోను :) మిగతావాళ్ళకి నా అభిప్రాయం మొదటే చెప్పేస్తా. మండుటెండల్లో క్రాపీ పడట్లేదని ల్యూర్ రంగులు మార్చుకుంటూ కూర్చోవడం శుద్ధ దండగ. మార్చాల్సినవి వేరే ఉన్నాయి, వాటిని ఒక వరసలో మార్చాలి. ఆ వరస తెలీక నేను దాదాపు ఒక వేసవంతా, ఓ నూటయాభై డాలర్లూ తగలేశాను. డబ్బు పోతే పోయింది, ఇంకో రెండు తప్పులు కూడా చేశాను. అవి డబ్బుతో సరిపోయేవి కావు. అందుకే ఇదంతా రాస్తున్నా.

తెలీని వాళ్ళ కోసం: క్రాపీ అనేది అమెరికా మంచినీటి చేప. ఇక్కడి దక్షిణాది వాళ్ళు ఆ పేరుని మనం మంగలి షాపులో చేయించుకునే క్రాపుకి దీర్ఘం తగిలించినట్టు పలుకుతారు. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి చెత్త చేప అనుకోకండి, తినడానికి దీన్ని మించిన మంచినీటి చేప లేదనేవాళ్ళు టెక్సస్ నిండా ఉన్నారు. తెల్లది, నల్లది అని రెండు రకాలు. లార్జ్‌మౌత్ బాస్ కుటుంబమే. నోటి అంచు కాగితంలా పల్చగా ఉంటుంది, గట్టిగా లాగితే చిరిగిపోతుంది. లూసియానాలో దీన్ని సాకలే అంటారు, తెల్ల క్రాపీ అక్కడి రాష్ట్ర చేప కూడాను.

నేనుండేది డాలస్ పక్కన. ఇక్కడ మనవాళ్ళకి శని, ఆదివారాల్లో ఉన్న వ్యాపకాలు మీకు తెలిసినవే: క్రికెట్, కాస్ట్‌కో, ఎవరో ఒకరి పిల్లాడి పుట్టినరోజు. రెండేళ్ళ క్రితం మా టీంలో ఒకాయన నన్ను లవాన్ చెరువుకి తీసుకెళ్ళాడు. ఆయన అర్కన్సాలో పుట్టి పెరిగినవాడు, చిన్నప్పట్నుంచీ చేతిలో గాలంకర్ర ఉన్న మనిషి. అది మార్చి నెలాఖరు. నీళ్ళు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి కాస్త వెచ్చబడగానే క్రాపీలు గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వచ్చేస్తాయి, మోకాలి లోతుకి కూడా. ఆ రోజుల్లో బెండు కట్టి, దాని కింద రెండడుగుల్లో చిన్న జిగ్ వేస్తే చాలు. ఏ రంగైనా పర్లేదు, వేసేవాడు ఎవడైనా పర్లేదు. నాకు మొదటిరోజే పదకొండు పడ్డాయి. ఇంకేముంది, నేనో పెద్ద జాలరినైపోయాననుకున్నా.

జూన్ వచ్చింది. అదే ఒడ్డు, అదే జిగ్, అదే బెండు. చేప లేదు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళా, లేదు. అప్పుడు నేను చేసిన పని ఏంటో చెప్తే మీలో కొంతమంది మొహమాటంగా నవ్వుకుంటారు. ప్రొడక్షన్లో ఏదో ఆగిపోయినప్పుడు లాగ్ చూడకుండా కాన్ఫిగ్‌లో అంకెలు మారుస్తూ పోయే కుర్రాడు ప్రతి టీంలోనూ ఒకడుంటాడు కదా, అచ్చం అలాగే రంగులు కొనడం మొదలెట్టా. నిమ్మపసుపు, గులాబీ, నలుపు మీద నిమ్మపసుపు తోక, వెండిపొడి చల్లినవి, కోతిపాల పువ్వుకి చంకీలు అద్దినట్టున్నవి... ఆగస్టు నాటికి నా డబ్బాలో నలభై రకాలున్నాయి. ఆ రెండు నెలల్లో పడిన చేపలు నాలుగు.

తర్వాతి ఏడాది జూలైలో అమ్మా నాన్నా వచ్చారు. నాన్నది దివిసీమ. ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. ఆయన చిన్నప్పుడు కాలవ గట్టు మీద వెదురు కర్రకి దారం కట్టి, వానపాము గుచ్చి జెల్లలూ కొర్రమీనులూ పట్టేవారని మా బాబాయిలు చెప్తే విన్నాను తప్ప, ఆయనెప్పుడూ నాతో ఆ మాట చెప్పలేదు. నిజానికి మేమిద్దరం పెద్దగా మాట్లాడుకునే వాళ్ళం కాదు. ఫోన్ చేస్తే "బానే ఉన్నావా, అమ్మకిస్తున్నా" అనేవారు. ఇక్కడికొచ్చాక ఇంట్లో ఏసీ కింద టీవీ చూసుకుంటూ కూర్చునేవారు. సరే చేపలకి తీసుకెళ్తే కాస్త కాలక్షేపం అవుతుందని ఆయనకి నాన్ రెసిడెంట్ లైసెన్స్ తీసుకున్నా. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి కూడా లైసెన్స్ ఉండాలి, పెద్దవాళ్ళే కదా అని వదిలెయ్యకండి. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ సైట్లో పది నిమిషాల పని.

మొదటి తప్పు ఆ రోజే చేశా. తీరుబడిగా టిఫిన్లు చేసి, పదకొండింటికి చేరాం. ఎండ వంద దాటింది. ఫిషింగ్ పియర్ మీద నీడ లేదు. నేను నా నలభై రంగుల డబ్బా తెరిచి, పది నిమిషాలకోటి చొప్పున మారుస్తున్నా. నాన్న చాలాసేపు చూసి అడిగారు, "ఒరేయ్, చేప ఎక్కడుందో తెలుసా నీకు?"

"ఇక్కడే ఉండాలి నాన్నా, ఏప్రిల్లో ఇక్కడే పడ్డాయి."

"ఏప్రిల్లో ఉంటే ఇప్పుడుంటుందా? కాలవ కట్టేశాక మాకు చేపలన్నీ వంతెన కింద మడుగులోకి చేరేవి. గట్టు పక్కన ఎంత మంచి ఎర వేసినా ఏముంది, అక్కడ చేపే లేదు. ఎర మారుస్తావేంట్రా, చోటు మార్చు."

నేను వినలేదు. ఇంకో రంగు కడుతున్నా. వెనక్కి తిరిగి చూసేసరికి నాన్న పియర్ రెయిలింగ్ పట్టుకుని కింద కూర్చుండిపోయి ఉన్నారు. ఒళ్ళు తిరిగిందన్నారు. కారులోకి తీసుకెళ్ళి, ఏసీ వేసి, మెడ మీద తడిగుడ్డ వేసి, నీళ్ళు తాగించి, అరగంట కూర్చున్నాక తేరుకున్నారు. ఇంటికొచ్చాక అమ్మ ఏం అందో ఇక్కడ రాయను. 65 దాటిన మనిషిని వంద డిగ్రీల ఎండలో నిలబెట్టి నేను గులాబీ రంగుకీ నారింజ రంగుకీ తేడా చూస్తున్నానన్నమాట. ఆ రోజు తర్వాత ఆ డబ్బా మీద నాకు అసహ్యం పుట్టింది.

అప్పుడు కూర్చుని చదివా. చదవాల్సిన పని మొదటి వేసవిలోనే చెయ్యాల్సింది. నాకు అర్థమైనంతలో చెప్తా.

నీళ్ళు ఎంత వేడెక్కితే వాటిలో కరిగే ఆక్సిజన్ అంత తగ్గుతుంది. 68 డిగ్రీల దగ్గర లీటరుకి గరిష్ఠంగా 9 మిల్లీగ్రాములు పట్టే నీరు, 86 డిగ్రీల దగ్గర ఏడున్నర మాత్రమే పడుతుంది. ఇంకోపక్క చేప చల్లని నెత్తురు జీవి, నీళ్ళెంత వేడో దాని ఒళ్ళూ అంతే. కాబట్టి వేడిలో దాని ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. అంటే ఖర్చు పెరిగింది, జీతం తగ్గింది. అలాంటప్పుడు మనం ఏం చేస్తాం? అనవసరంగా తిరగం. చేపా అంతే.

మరి లోతుకి పోతే చల్లగా ఉంటుంది కదా, అడుక్కి పోవచ్చు కదా అంటారా? అక్కడే ఉంది తిరకాసు. వేసవిలో లోతైన చెరువు పొరలుగా విడిపోతుంది. పైన వేడి, తేలిక నీరు. కింద చల్లని, బరువు నీరు. రెంటి మధ్యా కొన్ని అడుగుల మందాన ఉష్ణోగ్రత చటుక్కున పడిపోయే పొర ఒకటుంటుంది, దాన్నే థర్మోక్లైన్ అంటారు. ఈ పొర ఉన్నన్నాళ్ళూ పైనీరు కిందనీటితో కలవదు. అడుగున కుళ్ళే ఆకూ అలమూ ఉన్న ఆక్సిజన్‌ని తినేస్తాయి, పైనుంచి కొత్తది రాదు. ఆగస్టుకల్లా అడుగు నీరు చల్లగా ఉన్నా ఊపిరాడని గది. కాబట్టి క్రాపీ పైన వేడిలోనూ ఉండలేదు, కింద ఊపిరాడని చోటా ఉండలేదు. థర్మోక్లైన్‌కి కాస్త పైన, నీడా ఆసరా ఉన్నచోట వేలాడుతూ ఉంటుంది. మునిగిన చెట్లు, వంతెన స్తంభాలు, మెరీనా డాకుల కింద నీడ... అదే నాన్న చెప్పిన మడుగు. ఆయనకి థర్మోక్లైన్ అన్న మాట తెలీదు, అంతే.

(గాలి బాగా తగిలే, లోతు లేని చెరువుల్లో ఈ పొరలు అంత గట్టిగా నిలవవు. అక్కడ నీడా, కాస్త పారే నీళ్ళూ వెతుక్కోవాలి. ప్రతి చెరువుకీ ఒకే సూత్రం అని నేననట్లేదు.)

ఇక నా వరస. దీంతో ఒప్పుకోని వాళ్ళుంటారని తెలుసు, తర్వాత వాళ్ళ సంగతికొస్తా.

మొదట మార్చాల్సింది టైము. తెల్లారుతుండగా రెండు గంటలు, లేదా రాత్రి. రాత్రిపూట డాకు మీద లైటు వెలిగిస్తే కంటికి కనపడని నాచూ, నలుసంత జీవాలూ వెలుగులోకి వస్తాయి, వాటికోసం చిన్న షాడ్ చేపలొస్తాయి, వాటి వెనక క్రాపీలొస్తాయి. పగలు పదకొండింటికి చేప పడదని కాదు, పడుతుంది. కానీ ఆ చేప కోసం మీరు ఏం పణం పెడుతున్నారో ఆలోచించుకోండి. నేను పెట్టి చూశాను.

రెండోది లోతు. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. క్రాపీ కళ్ళు పైకి చూసేలా ఉంటాయి, తనకంటే పైనున్న ఎరని చూసి లేచి తింటుంది. తనకి ఒక అడుగు కింద వెళ్ళేదాన్ని పట్టించుకోదు. కాబట్టి చేప 15 అడుగుల్లో ఉంటే జిగ్ 14లో ఉండాలి, 17లో కాదు. ఫిష్ ఫైండర్ ఉంటే సరే. పడవ లేని నాలాంటి వాళ్ళు లెక్కపెట్టుకోవాలి. లోతు తెలిసిన చోట మీ జిగ్ అడుక్కి చేరడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఒకసారి చూసుకోండి. తర్వాత ప్రతిసారీ లెక్కపెట్టి ఆపడమే. ఆరు, ఎనిమిది, పది, ఇలా పైనుంచి కిందకి వెతకాలి. ఒకటి తగిలిందా, ఆ అంకె గుర్తుపెట్టుకోండి. దాని చుట్టాలంతా అక్కడే ఉంటారు.

మూడోది బరువు. వసంతంలో వాడిన 1/32 ఔన్సు జిగ్ అంటే గ్రాము కూడా లేదు. రెండడుగుల నీటిలో అది ముద్దుగా దిగుతుంది. 15 అడుగులకి దింపాలంటే తెల్లారిపోతుంది, గాలికి లైను విల్లులా వంగి ఎర ఎక్కడుందో తెలీకుండా పోతుంది. నేనిప్పుడు 1/16తో మొదలెడతా, గాలి ఉంటే 1/8. ఎక్కువమంది రంగు పని చేసిందనుకునేది నిజానికి బరువు పని చేయడమే అని నా అనుమానం. కొత్త రంగు కొన్నప్పుడు దాంతోపాటు జిగ్ తల బరువు కూడా మారి ఉంటుంది, ఎర కొత్త లోతుకి వెళ్ళి ఉంటుంది. ఒకేసారి రెండు మార్చి ఏది పనిచేసిందో చెప్పమంటే ఎవడు చెప్పగలడు?

నాలుగోది సైజు. షాడ్‌లు వసంతంలో గుడ్లు పెడతాయి కాబట్టి వేసవి మొదట్లో చెరువు నిండా వాటి పిల్లలే. అంగుళం, అంగుళంన్నర. క్రాపీ తింటున్నది అవే. కాబట్టి జూన్‌లో అంగుళంన్నర నుంచి రెండంగుళాల సన్నటి ప్లాస్టిక్ ఎర, పిల్లలు పెరిగేకొద్దీ ఆగస్టుకి రెండున్నర. బాబీ గార్లండ్ వాళ్ళ బేబీ షాడ్ లాంటివి రెండంగుళాలుంటాయి, వాటితో మొదలెడితే చాలు.

ఐదోది వేగం. ఇందులో రెండు దారులున్నాయి. చేప చెట్టు కొమ్మల్లో నక్కి ఉంటే ఎరని దాని నెత్తిన నిలువుగా దించి దాదాపు కదలకుండా ఉంచాలి. మీ చేతి వణుకు చాలు దానికి. ఇది డాకు మీద, వంతెన కింద పని. అలా కాకుండా చేపలు నడిచెరువులో చెదిరి వేలాడుతుంటే పడవ మీద క్రాంక్‌బెయిట్లు లాగుతూ వెతకాలి. మిసిసిపీలో గ్రెనడా, సార్డిస్, ఎనిడ్ చెరువుల మీద జూలై, ఆగస్టు నెలల్లో జనం చేసేది అదే. గంటకి మైలున్నర, రెండు మైళ్ళ వేగంతో బాండిట్ 300 లాంటివి లాగుతారు. ఆకలి లేని చేప కూడా ముందునుంచి చటుక్కున పోయేదాన్ని చూసి ఆగలేక కొరుకుతుంది. ఎండలో చేప మందంగా ఉంటుంది కాబట్టి ఎప్పుడూ నెమ్మదిగానే లాగాలన్న మాట సగమే నిజం. చేప ఎక్కడ, ఎలా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆఖర్న రంగు. రంగు అస్సలు పట్టింపు లేదని నేననను. నీటిలోకి వెళ్ళేకొద్దీ ఎరుపు ముందు మాయమవుతుంది, బురదనీటిలో ఇంకా తొందరగా. లవాన్ లాంటి మట్టి రంగు నీళ్ళలో నిమ్మపసుపు కనపడినట్టు వెండి రంగు కనపడదు. తేట నీటిలో తెలుపు, బూడిదరంగు నయం. రాత్రి, మబ్బు వేళ నలుపు కలిసినది నీడలా స్పష్టంగా కనిపిస్తుంది. అయిపోయింది. మూడు రంగులు. మిగతా ముప్ఫై ఏడూ చేపల కోసం కాదు, మన కోసం తయారుచేసినవి.

ఇప్పుడు ఒప్పుకోని వాళ్ళ మాట. "పక్కవాడికి గులాబీ రంగుకి పడుతోంది, నాకు తెలుపుకి పడట్లేదు, నా కళ్ళతో చూశా" అంటారు. చూసే ఉంటారు. కానీ ఇద్దరి జిగ్గులూ ఒకే బరువా, ఒకే లైనా, ఒకే లోతా? అవన్నీ ఒకటై, అప్పుడూ తేడా ఉంటే మార్చండి, నేనొద్దనను. రంగు ఆఖర్న అన్నాను గానీ అనవసరం అనలేదు. ఇంకొందరు "ఇదంతా ఎందుకయ్యా, బతికున్న మిన్నో చేప గుచ్చితే సరి" అంటారు. నిజమే, అది ల్యూర్ కన్నా బాగా పనిచేసే రోజులున్నాయి. కానీ జూలై ఎండలో బకెట్లో మిన్నోల్ని బతికించడం ఒక ఉద్యోగం. ఇంటికెళ్ళేటప్పుడు బకెట్ నీళ్ళు, పడవ నీళ్ళు అన్నీ అక్కడే ఒంపేసి రావాలి, జీబ్రా గుల్లలు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పాకకుండా 2014 నుంచి టెక్సస్ అంతటా అది చట్టం. మూడోవాళ్ళు లైవ్‌స్కోప్ వాళ్ళు. గార్మిన్ 2018లో తెచ్చాక అందులో చేపనీ, మీ జిగ్‌నీ, చేప జిగ్ వైపు రావడాన్నీ తెర మీద అప్పటికప్పుడు చూడొచ్చు. మా టీం ఆయన పడవలో ఉంది. అది చూశాకే నాకు రంగు పిచ్చి పూర్తిగా వదిలింది. అడుగు కిందున్న జిగ్‌ని చేపలు తిరిగి చూడవు, అదే రంగు అడుగు పైకెత్తగానే లేచి వచ్చాయి. కళ్ళారా చూశా.

ఆ పడవ మీదే రెండో తప్పు జరిగింది. అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే.

నాన్న తేరుకున్న పదిరోజులకి మా టీం ఆయన తెల్లవారుజామున మమ్మల్ని పడవలో తీసుకెళ్ళాడు. ఈసారి అంతా వరస ప్రకారం. తెరమీద 24 అడుగుల దగ్గర మసక గీతలా థర్మోక్లైన్ కనిపిస్తోంది. దానికి కాస్త పైన, 22 అడుగుల్లో, మునిగిన చెట్టు మీద చేపలు. సన్నటి అంగుళంన్నర ఎరలు దించాం. వేసిందే తడవుగా పడ్డాయి. రెండు గంటల్లో మా ముగ్గురికీ కలిపి ముప్ఫైకి పైగా. నాన్న మొహంలో ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. "లాగు లాగు, ఒరేయ్ మెల్లిగా, మూతి చిరుగుద్ది" అని అరుస్తున్నారు.

టెక్సస్‌లో క్రాపీ కనీసం 10 అంగుళాలుండాలి, మనిషికి రోజుకి 25. మాకు పడినవాటిలో సగం 10 లోపువే. చట్టప్రకారం వెంటనే నీళ్ళలోకి వదిలేశాం. నేనైతే చాలా గర్వంగా, ఒక్కోదాన్నీ సున్నితంగా వదిలా. గంట తర్వాత పడవ తిప్పుతుంటే చూశాను. మేం వదిలిన చేపలు నీటి మీద వెల్లకిలా తేలుతున్నాయి. పొట్టలు ఉబ్బి, కొన్ని ఇంకా తోకలు ఆడిస్తున్నాయి. కొంగలు దిగుతున్నాయి.

నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నారు, "వదిలేశామనుకున్నాం గానీ, చంపి పారేశాం."

ఎందుకలా అయిందో లెక్క కష్టమేం కాదు. క్రాపీకి లోపల గాలితిత్తి ఉంటుంది. నీటిలో ప్రతి 33 అడుగులకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 22 అడుగుల్లో ఒత్తిడి పైకంటే మూడింట రెండు వంతులు ఎక్కువ. చేపని సెకన్లలో పైకి లాగితే తిత్తిలో గాలి ఆ మేరకు వ్యాకోచిస్తుంది. క్రాపీకి ఆ గాలిని నోటిద్వారా వదిలే దారి లేదు. మళ్ళీ కిందకి ఈదలేదు. పైన నీళ్ళు 88 డిగ్రీలు. చల్లటి చోటునుంచి తెచ్చి, ఆయాసపడుతున్నదాన్ని, ఆక్సిజన్ తక్కువున్న వేడినీళ్ళలో వదులుతున్నాం. చచ్చిపోతుందని తెలిసినా చిన్నదాన్ని ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. లేక్ ఫోర్క్, లేక్ ఓ ద పైన్స్‌ చెరువుల్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరుదాకా వేరే రూలుంది. ఆ చలికాలంలో క్రాపీలు బాగా లోతుకి పోతాయి కాబట్టి పొడవు పరిమితి తీసేసి, పడిన ప్రతి క్రాపీనీ ఉంచుకోవాలి, వదలకూడదు, 25 కాగానే ఆపెయ్యాలి అంటారు. వదిలినా బతకదన్న సంగతి చట్టమే ఒప్పుకున్నట్టు. కానీ జూలైలో మా చెరువు మీద అలాంటి రూలు లేదు. రూలు లేనిచోట బుద్ధి మనదే ఉండాలి.

కాబట్టి వేసవిలో ల్యూర్ ఎంచుకోవడం అంటే ఎక్కువ చేపలు పట్టడం ఒక్కటే కాదు, వదలాల్సిన చేపల్ని వీలైనంత తక్కువ పట్టడం కూడా అని నా వాదన. ఇప్పుడు నేను పాటించేవి ఇవి. 22 అడుగుల్లో చేపలు కనపడుతున్నా 12, 14 లో నీడపట్టున ఉన్నవాటి కోసం వెతుకుతా. అన్నీ చిన్నవే పడుతుంటే "ఇంకొక్కటి" అనుకోకుండా ఎర సైజు రెండున్నర, మూడంగుళాలకి పెంచుతా. దాంతో చిన్నవి పూర్తిగా ఆగవు, తగ్గుతాయి. అయినా ఆగకపోతే చోటు మారుస్తా. క్రాంక్‌బెయిట్‌కి ఉండే మూడుముళ్ళ కొక్కేలు తీసి ఒంటి కొక్కెం పెడతా, ముల్లు నొక్కేసి. వదిలేదాన్ని ఫోటో కోసం గాల్లో ఆడించను. కూరకి సరిపడా రాగానే గాలం చుట్టేస్తా. 25 అనేది పరిమితి, టార్గెట్ కాదు. ఈ మాట వింటే మా మేనేజర్ కూడా ఆశ్చర్యపోతాడేమో.

"అంత దూరం పోయి, ఆరు చేపలకి ఆపేస్తే పెట్రోలు కూడా గిట్టదు" అని ఒక స్నేహితుడన్నాడు. గిట్టదు. గిట్టుబాటు కావాలంటే కొట్టుకెళ్ళి కొనుక్కోవడమే చవక. మనం చెరువుకి వెళ్ళేది గిట్టుబాటు కోసం కాదు కదా. వారమంతా స్క్రీను మీద అంకెలు పెంచి, ఆదివారం కూడా అంకెలే పెంచాలంటే ఇంక చెరువెందుకు?

ఆగస్టు మూడోవారంలో, నాన్నావాళ్ళు వెళ్ళే ముందు, ఇద్దరం ఇంకోసారి వెళ్ళాం. పడవ లేదు. తెల్లవారి ఐదున్నరకి వంతెన నీడపట్టున. నలభై రంగుల డబ్బా గరాజ్‌లో వదిలేసి, మూడు రకాలు జేబులో వేసుకెళ్ళా. నేను లెక్కపెడుతుంటే నాన్న లెక్క లేకుండానే, లైను జారుతున్నది వేళ్ళతో చూసుకుంటూ ఆపేవారు. ఎనిమిదింటికి ఆరు చేపలు, అన్నీ 10 దాటినవే. వదలాల్సినవి రెండే పడ్డాయి, తక్కువ లోతు కాబట్టి రెండూ తోక విదిలించి కిందకి పోయాయి. నాన్న వంగి అవి కనపడనంతదాకా చూశారు. ఎండ ముదరకముందే ఇంటికొచ్చేశాం. అమ్మ పులుసు పెడితే ముక్కలు విడిపోయాయి, పల్చటి చేప కదా. వేపుడైతేనే బావుంటుందని తేల్చారు.

ఇప్పుడు ఆదివారం ఫోన్ చేస్తే నాన్న వెంటనే అమ్మకివ్వట్లేదు. "నీళ్ళెంత వేడున్నాయ్? ఎన్నడుగుల్లో పడ్డాయ్?" అని అడుగుతున్నారు. ఏ రంగు అని మాత్రం ఇంతవరకూ అడగలేదు.

మీలో చేపలకి వెళ్ళేవాళ్ళుంటే మీ చెరువులో వేసవి సంగతులు రాయండి. అందులోనూ లోతునుంచి తీసిన చేప వదిలాక బతికేందుకు మీరేమైనా చేస్తుంటే తప్పకుండా చెప్పండి. నా దగ్గర ముప్ఫై ఏడు రంగుల ల్యూర్లు కూడా ఉన్నాయి, కావాల్సిన వాళ్ళు వచ్చి తీసుకుపోవచ్చు, ఉచితం :)